గిటార్ చేతికి ఉకులేలే: పది రోజులు వాయించాక

నమస్తే అండీ. ముందు ఇది వినండి. ఇది ఉకులేలే, గిటార్‌లాంటిదే చిన్న వాయిద్యం, తీగలు నాలుగే. నేను ఏ కార్డూ (అంటే కొన్ని స్వరాలు ఒకేసారి కలిసి పలికేలా వేళ్లు పెట్టడం) పట్టలేదు, ఉత్త తీగలు నాలుగూ కలిపి మీటానంతే. మొదటి రోజు ఇలా మీటగానే వంటింట్లోంచి మా అమ్మ "ఏరా, మోహన రాగం మొదలెట్టావా?" అంది. చిన్నప్పుడు సత్యనారాయణపురంలో నాలుగేళ్లు సంగీతం నేర్చుకున్న మనిషిలెండి.

ఆవిడ అన్నది నిజమే. తీగల స్వరాలు, పాశ్చాత్య పేర్లలో, వరసగా జి, సి, ఇ, ఎ. సి ని షడ్జమం అనుకోండి: ప, స, గ, ద. మోహనకి ఇంక రి ఒక్కటే తక్కువ, అది సి తీగ మీద రెండో ఫ్రెట్‌లో (మెడ మీద అడ్డపట్టీల మధ్య గడిలో) ఉంది. పన్నెండేళ్లుగా గిటార్ వాయిస్తున్నా నాకిది తట్టలేదు.

నాది కాన్సర్ట్ సైజు. నట్ (మెడ చివర తీగలు ఆనే గాడుల పట్టీ) నుంచి బ్రిడ్జ్ (పొట్ట మీద తీగలు కట్టే చెక్క) దాకా తీగ పొడవు 15 అంగుళాలు ఉంటుంది, గిటార్‌కైతే 25 పైనే. ఎడమ చేతికి పెద్ద కష్టం లేదు. గిటార్‌కి ఐదో ఫ్రెట్‌లో కేపో (తీగలన్నిటినీ ఒకేచోట నొక్కిపట్టే క్లిప్పు) పెట్టి కింది నాలుగు తీగలే వాయిస్తున్నారనుకోండి, కార్డులకి వేళ్లు పెట్టే ఆకారాలు అవే. మీ డి ఆకారం ఇక్కడ జి అవుతుంది, మీ జి ఇక్కడ సి. సి కి ఒక్క వేలు చాలు. గిటార్ మీద ఎఫ్ కార్డు దగ్గర ఏడ్చినవాళ్లకి శుభవార్త, ఇక్కడ ఎఫ్ రెండు వేళ్ల పని. ఆ బాకీ మాత్రం ఉకులేలే ఇ మేజర్ కార్డు దగ్గర తీర్చుకుంటుంది.

అసలు తిప్పలు కుడి బొటనవేలితో. గిటార్‌లో అది పైకి వెళ్లిందంటే మంద్రంగా పలికే బేస్ తీగే తగులుతుంది కదా. ఇక్కడ పైనున్న జి బేస్ కాదు, పక్కనున్న సి కన్నా, ఇ కన్నా కూడా హెచ్చు. అన్నిటికన్నా తగ్గు తీగ సి. నేను అలవాటుగా వేళ్లతో వాయించే ప్యాటర్న్ వాయిస్తే, వినండి, తల కింద కాళ్లు పైన పెట్టినట్టు లేదూ? నాలుగు రోజులు చిరాకు పడ్డాను. ఐదో రోజు ఆ జి ని బేస్‌లా కాకుండా తాళం గంటలా కొడితే దారిలో పడింది. తగ్గు జి తీగ కూడా విడిగా దొరుకుతుంది కానీ, అది వేస్తే ఈ చిలిపి శబ్దం పోతుంది. నేను వేయను.

ఒక ఫిర్యాదు. ఆన్‌లైన్‌లో తెప్పించాను, నట్ దగ్గర తీగలు మరీ ఎత్తుగా వచ్చాయి. మొదటి ఫ్రెట్‌లో నొక్కితే స్వరం పైకి పోతోంది. ఏలూరు రోడ్డులో గిటార్లు బాగుచేసే ఒకాయన గాడుల్ని సన్న ఆకురాయితో కాస్త రాశారు, సరిపోయింది. కొత్త నైలాన్ తీగలు సాగుతాయి కాబట్టి మొదటి వారం పాటకోసారి శ్రుతి చేసుకోవాల్సిందే. మన బెజవాడ ఎండలో కారులో వదిలేశారో, బ్రిడ్జ్ ఊడొచ్చినా ఆశ్చర్యం లేదు.

గిటార్ వాళ్లని బారిటోన్ అనే పెద్ద ఉకులేలే కొనుక్కోమంటారు, తీగలు మన డి, జి, బి, ఇ లే కదా అని. అదేదో ఉన్న గిటారే వాయించుకోవచ్చుగా!

సరే, అమ్మది ఐదు శ్రుతి. అంటే ఆవిడ షడ్జమం జి, నేను జి కార్డు పట్టాలి, అదే మీ డి ఆకారం. చేతులు తుడుచుకుంటూ వచ్చేస్తోంది, ఉండండి.