రాత్రి అన్నానికి ముందు పావుగంట

(యౌవన కుటుంబాల కూడికలో చేసిన ప్రసంగ పాఠం)

ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు. వేదిక మీదున్న పాస్టరు గారికి, అమ్మగారికి, సంఘ పెద్దలకు, స్త్రీల సమాజం వారికి, పొద్దున్నుంచి వంటల దగ్గర నిలబడి ఇప్పుడు గుమ్మంలో కూర్చొని వింటున్న అక్కలకు, ఒళ్లో పిల్లల్ని నిద్రపుచ్చుతున్న తల్లులకు, ఏడ్చే పిల్లల్ని భుజాన వేసుకొని వరండాలో తిరుగుతున్న తండ్రులకు వందనాలు. వరండాలో ఉన్న తమ్ముళ్లారా, కిటికీల దగ్గరికి రండి. ఈ మాటలు ఎక్కువగా మీకోసమే.

నాకిచ్చిన అంశం 'క్రైస్తవ గృహం'. దాన్ని మూడు భాగాలు చేసుకొని వచ్చాను: ప్రార్థన, డబ్బు, దగ్గరితనం. ముందు ప్రార్థన.

ఇంట్లో ప్రార్థన ఎందుకు చేయాలో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. ద్వితీయోపదేశకాండము ఆరో అధ్యాయం సండే స్కూల్ నాటి నుంచి వింటున్నారు: ఇంట కూర్చున్నప్పుడు, త్రోవ నడిచేటప్పుడు, పండుకొనేటప్పుడు, లేచేటప్పుడు పిల్లలతో వాక్యం మాట్లాడమని. చేయాలని అందరికీ తెలుసు. ఎందుకు ఆగిపోతోందో మాత్రం ఎవరూ విప్పి చెప్పరు. పెళ్లయిన కొత్తలో ఎంతో ఆశతో మొదలుపెడతారు. మొదటి బిడ్డ పుట్టాక రోజు మార్చి రోజు అవుతుంది. బిడ్డ బడిలో చేరేసరికి ఆదివారానికి మిగులుతుంది. అది భక్తి తగ్గి కాదు. పద్ధతి కుదరక.

మొదటి తప్పు వేళ. మన ఇళ్లలో అన్నాలయ్యాక, పడుకోబోయే ముందు ప్రార్థన పెడతారు. కడుపు నిండిన మూడేళ్ల బిడ్డ తొమ్మిదిన్నరకు మోకాళ్ల మీద ఎంతసేపు ఉంటుంది? తల్లికి గిన్నెలు గుర్తుకొస్తుంటాయి, తండ్రికి రేపటి డ్యూటీ. అందుకే అన్నానికి ముందు పెట్టండి. అన్నం, కూర వండి మూత పెట్టి ఉంచండి. ఆకలి ఉంది కాబట్టి ఎవరూ ప్రార్థన సాగదీయరు, ఎవరూ నిద్రపోరు, చివర్లో అన్నం కోసం చేసే ప్రార్థన కూడా అందులోనే కలిసిపోతుంది. హైదరాబాదులో రాత్రి షిఫ్టు చేసేవారు సాయంత్రం క్యాబు రాకముందు చేసుకోండి. అదీ కుదరకపోతే పొద్దున, బడి వ్యాను రావడానికి అరగంట ముందు. వేళ ఏదైనా రోజూ అదే వేళ.

రెండో తప్పు పొడుగు. పావుగంట చాలు. ఈ మాటకు పెద్దలు నొచ్చుకుంటారేమో, అయినా చెప్తున్నాను. చిన్నపిల్లలున్న ఇంట్లో పావుగంట దాటిన ప్రార్థన పిల్లలకు శిక్షలాగే ఉంటుంది. పాటకు మూడు నిమిషాలు: ఆంధ్ర క్రైస్తవ కీర్తనల్లోది ఒకటి తీసుకోండి, పల్లవి, రెండు చరణాలు. మొత్తం పాట అక్కర్లేదు. నెలంతా అదే పాట. నెలాఖరుకు బిడ్డకు పుస్తకం లేకుండా వచ్చేస్తుంది. చదువు రాని మన తాతలు కీర్తనలు అలాగే నేర్చుకున్నారు. పుస్తకంలో పాట పైన రాగం, తాళం పేర్లు ఉంటాయి, చూడండి. ఒక చేత్తో తాళం వేస్తూ పాడితే ఏడాది బిడ్డ కూడా చప్పట్లు కొడుతుంది.

తర్వాత వాక్యం, నాలుగు నిమిషాలు, పది పన్నెండు వచనాలు. జనవరి ఒకటిన ఆదికాండముతో మొదలుపెట్టే ఇళ్లు చాలా ఉన్నాయి. నిర్గమకాండములో ప్రత్యక్ష గుడారపు కొలతల దగ్గర నడక మందగిస్తుంది, లేవీయకాండములో బలుల దగ్గర ఆగిపోతుంది. ఆగినందుకు మనసులో నేరభావం, ఆ నేరభావంతో బైబిలు తెరవడమే మానేయడం. కొత్త కుటుంబం మార్కు సువార్తతో మొదలుపెట్టాలి. పదహారే అధ్యాయాలు, అన్నీ సంఘటనలే, రోజుకు పన్నెండు వచనాలైతే రెండు నెలల్లో అయిపోతుంది. ఆ తర్వాత లూకా. కీర్తనలు రోజుకొకటి చొప్పున ఐదు నెలలు. 117వ కీర్తన రెండే వచనాలు, జ్వరం వచ్చిన రోజుకు దాచుకోండి. 119వది 176 వచనాలు, దాన్ని ఒక్క రోజులో చదివించి పిల్లల్ని బాధపెట్టకండి. అందులో ఎనిమిదేసి వచనాల భాగాలు ఇరవై రెండున్నాయి, రోజుకొక భాగం.

భాష సంగతి కూడా ఉంది. మన తెలుగు బైబిలు మాటలు ఇప్పటి పిల్లలకు వేరే అర్థంలో వినపడతాయి. 'కృపయు సమాధానమును' అని చదివితే, బిడ్డకు సమాధానమంటే పరీక్షలో రాసే జవాబు. అక్కడ అది శాంతి అని ఎవరో ఒకరు చెప్పాలి. 'ఋణస్థులు' అంటే అప్పున్నవాళ్లని చెప్పాలి. రోజుకు ఒక్క మాట విప్పి చెప్పండి. ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు చదవడం రాదని మొత్తం ఇంగ్లీషులోకి మారిపోకండి. పెద్దవాళ్లు తెలుగులో చదవండి, బిడ్డ చేత ఒక్క వచనం, వేలు పెట్టి, గుణింతం కూడబలుక్కుంటూ చదివించండి. ఒక్కటే. తప్పు చదివితే మధ్యలో ఆపకండి. ఫోనులో బైబిలు వద్దు, అచ్చు పుస్తకం కావాలి. ఫోను తెరిస్తే వాక్యం పైనే వాట్సాప్ సందేశం వచ్చి కూర్చుంటుంది. ఆ పావుగంట రెండు ఫోన్లూ వంటింట్లో ఉండాలి, సైలెంటులో.

ఇక ప్రార్థన. ఇంట్లో ఎంతమంది ఉంటే అంతమందికీ ఒక్కో నిమిషం, చివర్లో పరలోక ప్రార్థన, అదే 'పరలోకమందున్న మా తండ్రీ', కలిసి. ఇక్కడ కాసేపు ఆగుతాను. నేను అసలు చెప్పాలని వచ్చింది ఇదే.

మన ఇళ్లలో ప్రార్థన పోట్లాటగా మారింది. భర్త కళ్లు మూసుకొని, "ప్రభువా, నా భార్యకు లోబడే మనస్సు దయచేయండి" అంటాడు. భార్య వంతు వచ్చినప్పుడు, "తండ్రీ, ఈ ఇంటి యజమానికి బాధ్యత తెలిసేలా చేయండి" అంటుంది. ఇద్దరూ ఆమేన్ అంటారు. పక్కన ఐదేళ్ల బిడ్డ ఒక కన్ను తెరిచి ఇద్దర్నీ చూస్తుంటుంది. నవ్వకండమ్మా, నవ్వే సంగతి కాదిది. ఎదుటి మనిషి జవాబు చెప్పలేని చోట నింద వేయడం అన్యాయం. మామూలుగా దెప్పితే భార్య ఒక మాట అనగలదు, భర్త లేచి బయటికి వెళ్లగలడు. ప్రార్థనలో దెప్పితే ఆ దెబ్బకు ఆమేన్ చెప్పాలి. దేవుణ్ణి మన తరఫు సాక్షిగా నిలబెట్టుకున్నట్టు అవుతుంది. అలా ఏడాది జరిగిందంటే ఆ ఇంట్లో ప్రార్థన అనగానే ఒకరికి గుండె బిగుసుకుంటుంది. తలనొప్పి అంటారు, పని ఉందంటారు. 'మా ఆయనకు భక్తి లేదు', 'మా ఆవిడకు ఆత్మీయత లేదు' అంటూ మన దగ్గరికి వస్తారు. తప్పు భక్తిది కాదు, ఆ నిమిషానిది.

దీనికి మందు కష్టమైంది కాదు, కానీ అలవాటు చేసుకోవాలి. ప్రార్థనకు ముందు కళ్లు తెరిచి ఒకరినొకరు అడగండి: "నీకోసం ఏమడగమంటావు?" వాళ్లు చెప్పిందే అడగండి, సొంతంగా ఏమీ కలపకండి. "ఆఫీసులో రేపు మీటింగు ఉంది" అంటే ఆ మీటింగు కోసమే. "నడుము నొప్పిగా ఉంది" అంటే ఆ నడుము కోసమే. ఎదుటివారి గురించి పైకి చెప్పేటప్పుడు కృతజ్ఞత ఒకటి, వాళ్లడిగిన అవసరం ఒకటి, ఆ రెండే. పాపాలు ఒప్పుకునేటప్పుడు 'నేను' అనే మాటే రావాలి. 'మేము' అన్నారంటే అందులోకి భార్యను లాగుతున్నారన్నమాట. కోపం వచ్చిన సంగతి ఉంటే ముఖాముఖి, కళ్లు తెరుచుకొని, పిల్లలు పడుకున్నాక చెప్పుకోండి. మత్తయి ఐదో అధ్యాయంలో ప్రభువు ఏమన్నాడు? అర్పణము బలిపీఠము దగ్గరే వదిలి, వెళ్లి, మొదట సహోదరునితో సమాధానపడమన్నాడు. సహోదరుడికే ఆ మాట వర్తిస్తే, ఒకే చాప మీద పక్కన కూర్చున్న భార్యకు వర్తించదా? పేతురు భర్తలకు రాసిన మాట ఇంకా సూటిగా ఉంది: 'మీ ప్రార్థనలకు అభ్యంతరము కలుగకుండునట్లు' భార్యను సన్మానించమన్నాడు. ఇంట్లో భార్యకు సన్మానం లేకపోతే ప్రార్థనకే అడ్డు అని దాని అర్థం.

గొడవ ఆ రాత్రికి తేలకపోతే ఏం చేయాలి? 'సూర్యుడస్తమించువరకు మీ కోపము నిలిచియుండకూడదు' అన్న మాట పట్టుకొని రాత్రి రెండింటి దాకా వాదించుకునే జంటలున్నారు. నిద్ర లేని వాదనలో సమాధానం దొరకదు. "రేపు ఫలానా వేళకు మాట్లాడుకుందాం" అని వేళ చెప్పుకోండి. ఆ రోజు పాట, వాక్యం మానినా ఫరవాలేదు, పరలోక ప్రార్థన మాత్రం కలిసి చెప్పండి. 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము' అన్న దగ్గర గొంతు ఆగితే ఆగనివ్వండి.

పాస్టరు గార్లూ, మీకూ ఒక మనవి. గృహదర్శనానికి వెళ్తారు. ప్రార్థన విన్నపం పేరుతో ఒకరు చెవిలో చెప్పింది మీరు పెద్ద గొంతుతో అందరి ముందు ప్రార్థిస్తారు. అత్తగారు కోడలి గురించి చెప్పింది, కోడలు భర్త గురించి చెప్పింది, మీ నోట దైవవాక్కులా బయటికొస్తుంది. ఆ కుటుంబానికి తర్వాత నెల పడుతుంది తేరుకోవడానికి. విన్నపం అందరి ముందు చెప్పిందైతేనే అందరి ముందు ప్రార్థించండి. చెవిలో చెప్పింది మీ గదిలో ప్రార్థించండి.

భార్యాభర్తలు వేరు వేరు సంఘాల నుంచి వచ్చిన ఇళ్లున్నాయి. ఒకరు లూథరన్, ఒకరు బ్రదరెన్, లేదా ఒకరు రోమన్ కాథలిక్, ఒకరు పెంతెకొస్తు. ఒకరికి మౌనంగా చేస్తేనే ప్రార్థన, ఒకరికి గొంతెత్తితేనే ప్రార్థన. నెలలో పదిహేను రోజులు ఒకరి తీరు, పదిహేను రోజులు ఇంకొకరి తీరు పెట్టుకోండి. బిడ్డకు బాప్తిస్మమా, లేక ప్రార్థన చేసి దేవునికి అప్పగించే ప్రతిష్ఠా అన్నది కానుపుకు ముందే తేల్చుకోండి. బాలింత మంచం పక్కన రెండు వైపుల తాతలు కూర్చున్నాక ఆ మాట తేలదు.

గోదావరి జిల్లాల నుంచి, కడప వైపు నుంచి కువైట్ వెళ్లిన తల్లులున్న ఇళ్లను మరవలేం. అక్కడి గడియారం మనకు రెండున్నర గంటలు వెనక. ఇంటిపనిలో ఉన్న తల్లికి పని తెమిలి పదయ్యేసరికి ఇక్కడ పన్నెండున్నర. వీడియో కాల్‌లో కలిసి ప్రార్థించాలంటే రోజూ కుదరదు, కుదరనప్పుడల్లా బిడ్డ ఏడుస్తుంది. తల్లి ముందురోజు రాత్రే పన్నెండు వచనాలు వాయిస్ మెసేజ్‌గా చదివి పంపాలి. ఇక్కడ అన్నానికి ముందు తండ్రి అది వినిపించాలి. మూడు నిమిషాలు. వంటింట్లో ఫోన్లు పెట్టమన్నాను కదా, ఈ ఇళ్లకు మాత్రం ఆ ఒక్క ఫోను చాప మీదే ఉండాలి.

డబ్బు సంగతి తీరిగ్గా చెప్పాలనుకున్నాను, సమయం లేదు. ఒక్క మాట: దశమభాగం, అంటే దేవునికిచ్చే పదో వంతు, ఇద్దరూ కూర్చొని, ఒకే కవరులో, ఇద్దరికీ తెలిసేలా తీయండి. భార్యకు తెలియకుండా భర్త, భర్తకు తెలియకుండా భార్య ఎంత మంచి పరిచర్యకు పంపినా, ఇంట్లో అనుమానం మొదలవుతుంది.

దగ్గరితనం. పెద్దలు తలలు దించుకోనక్కర్లేదు, బైబిలు దించుకోలేదు. భార్యాభర్తలు ఎడబాయడమంటే ప్రార్థన కోసం, కొంతకాలమే, 'ఉభయుల సమ్మతి చొప్పుననే' అని కొరింథీయులకు పౌలు రాశాడు. ఉభయుల సమ్మతి అనే మాట గట్టిగా పట్టుకోండి. నలభై రోజుల ఉపవాసం ఒకరే నిర్ణయించుకొని ఇంకొకరికి చెప్పడం సమ్మతి కాదు. ద్వితీయోపదేశకాండము ఇరవై నాలుగో అధ్యాయం ఐదో వచనం చూడండి: కొత్తగా పెళ్లయినవాణ్ణి సేనకు పంపకూడదు, అతని మీద ఏ వ్యాపార భారమూ మోపకూడదు, ఏడాది తన ఇంట ఉండి భార్యను సంతోషపెట్టాలి.

మన సంఘాల్లో ఏం చేస్తున్నాం? పెళ్లయిన రెండో నెలకే అబ్బాయికి యౌవనస్థుల కార్యదర్శి పదవి. బుధవారం బైబిలు స్టడీ, శుక్రవారం ఉపవాస కూడిక, శనివారం క్వయర్ ప్రాక్టీసు, ఈస్టరుకు ముందొచ్చే శ్రమల దినాల్లో సాయంత్రాలు ఇంటింటా కాటేజీ ప్రార్థనలు, డిసెంబరులో అర్ధరాత్రి దాకా క్యారల్స్. వారంలో ఆ అమ్మాయికి భర్త దొరికే సాయంత్రాలు ఎన్ని? లెక్కపెట్టండి, ఇక్కడే వేళ్ల మీద లెక్కపెట్టండి. సంఘ పెద్దలారా, పెళ్లయిన మొదటి ఏడాది ఎవరికీ పదవి ఇవ్వకండి. బిడ్డ పుట్టిన మొదటి ఏడాది కూడా ఇవ్వకండి. ఈ తీర్మానం రాబోయే కమిటీ సమావేశంలో మినిట్స్‌లో రాయించండి.

అకుల, ప్రిస్కిల్ల అనే భార్యాభర్తల పేర్లు కొత్త నిబంధనలో ఆరు చోట్ల వస్తాయి. ఆరింటిలోనూ జంటగానే. ఒక్కరి పేరు ఒంటరిగా ఎక్కడా లేదు. డేరాలు కుట్టుకునేవాళ్లు. క్లౌదియ చక్రవర్తి యూదుల్ని రోమా విడిచి వెళ్లమంటే కొరింథుకు వచ్చారు, అక్కణ్ణుంచి ఎఫెసు, మళ్లీ రోమా. ఊరు మారినప్పుడల్లా మీలాగే కొత్త ఇల్లు, కొత్త పని వెతుక్కొని ఉంటారు. వాళ్ల ఇంట్లోనే సంఘం కూడేది. అపొల్లో అనే బోధకుడికి తెలియని సంగతి ఉంటే అందరి ముందు దిద్దలేదు, తమ దగ్గరికి చేర్చుకొని ఇద్దరూ కలిసి విశదంగా చెప్పారు. మన జంటల గురించి ఆలోచించినప్పుడల్లా నాకు మనసులో మెదిలేది వీళ్లిద్దరే.

ఇవాళ భోజనాలు ఇక్కడే, కాబట్టి రేపు రాత్రి మొదలుపెట్టండి. ఏడున్నరకు కుక్కరు దించి, ఫోన్లు వంటింట్లో పెట్టి, చాప పరవండి. మార్కు మొదటి అధ్యాయం, ఒకటి నుంచి పదమూడు వచనాలు. బాప్తిస్మమిచ్చే యోహాను మిడతలు, అడవి తేనె తినే చోట పిల్లలు తప్పకుండా ప్రశ్న అడుగుతారు. జవాబు చెప్పండి. ఆ తర్వాత ఒకరినొకరు చూసి, "నీకోసం ఏమడగమంటావు?" అనండి. మొదటి రోజు ఇద్దరికీ సిగ్గేస్తుంది, ఏమీ చెప్పబుద్ధి కాదు. మూడో రోజుకో నాలుగో రోజుకో చెప్తారు.

వందనాలు.