హ్యూమిడర్ ఆర్గనైజర్ కిట్ రివ్యూ: ట్రేలు ఉంచుకున్నా, యాప్ తీసేశా

హాయ్ అండి, అందరూ బాగున్నారా? ముందే చెప్పేస్తున్నా, ఈ హ్యూమిడర్ కిట్, అంటే సిగార్లని తగిన తేమలో దాచుకునే పెట్టె లోపల సర్దుకునే సామాను, నేను కొన్నది కాదు. కంపెనీవాళ్లు ఉచితంగా పంపారు. డబ్బులేమీ ఇవ్వలేదు, ఈ వీడియో వాళ్లకి ముందుగా చూపించనూ లేదు. ఇంకో మాట. ఇది ఇప్పటికే సిగార్లు కాల్చే పెద్దవాళ్ల కోసం చేసిన వీడియో. పొగాకు ఆరోగ్యానికి హానికరం, సిగార్ అయినా అంతే. అలవాటు లేనివాళ్లు దీన్ని చూసి మొదలుపెట్టొద్దు.

సరే. కిట్‌లో ఏమేం వస్తాయి, కొలతలెంత, బ్యాటరీ ఎన్నాళ్లొస్తుంది, అవన్నీ ఈపాటికి మీరు చూసే ఉంటారు. సీడర్ అనే చెక్కతో చేసిన ట్రేలు, తేమ, వేడి కొలిచే ఒక బ్లూటూత్ సెన్సార్, సిగార్ల లెక్క రాసుకునే ఒక యాప్. నేను నేరుగా యాప్ దగ్గరికే వెళ్తా. నా కోపమంతా దాని మీదే.

సిగార్ల లెక్క అంటే ఎన్ని ఉన్నాయి, ఏ బ్రాండువి అనే అనుకుంటారు చాలామంది. అది డ్రాయర్ లాగితే కనిపిస్తుంది కదండీ. కనిపించనిది వయసు. ఒకే బ్రాండు, ఒకే సైజు సిగార్లున్న రెండు బాక్సులు పక్కపక్కన పెట్టండి, చూపుకి తేడా తెలియదు. కానీ ఒకటి ఈమధ్యే చుట్టింది అయితే మూత తీయగానే అమ్మోనియా ఘాటు ముక్కుకి తగులుతుంది. రెండోది కొన్నేళ్లు నిలవున్నదైతే ఆ ఘాటు పోయి, పొగ మెత్తబడి ఉంటుంది. ఏది ఇప్పుడు తీయాలి, ఏది ఇంకా ఆపాలి అన్నది చెప్పేది తేదీ ఒక్కటే.

క్యూబా బాక్సులు కొనేవాళ్లకి ఇది బాగా తెలుసు. బాక్సు తిరగేస్తే అడుగున ముద్ర ఉంటుంది. మూడక్షరాల ఫ్యాక్టరీ కోడ్, దాని కింద నెల, సంవత్సరం. నెల స్పానిష్‌లో ఉంటుంది. ‘ఈ ఎన్ ఈ’ అంటే జనవరి, ‘ఏ బి ఆర్’ అంటే ఏప్రిల్, ‘ఏ జి ఓ’ ఆగస్టు, ‘డి ఐ సి’ డిసెంబరు. ఇదిగో చూడండి, కెమెరాకి దగ్గరగా పెడుతున్నా... ‘ఏ బి ఆర్ 19’. అంటే 2019 ఏప్రిల్ బాక్సు.

ఇప్పుడు ఇదే బాక్సుని యాప్‌లో ఎక్కిస్తా. బ్రాండు ఉంది, సైజు ఉంది, రింగ్ గేజ్ అంటే లావు, అదీ ఉంది, రేపర్ అంటే సిగార్ పైన చుట్టిన ఆకు, దాని రంగు కూడా అడిగింది, బాగుంది. తేదీ? అడగదు. నేను ఎక్కించిన రోజే తేదీ అని అదే రాసేసుకుంది. మార్చడానికి ఎక్కడా దారి లేదు. చూడండి ఏం చూపిస్తోందో, ‘వయసు: 0 రోజులు’. 2019 సిగార్‌కి సున్నా రోజులు! సిగార్లు దాచుకునేవాడికి అన్నిటికంటే ముఖ్యమైన వివరం ఏదో, సరిగ్గా అదే ఈ యాప్‌లో లేదు. ఇది తయారుచేసినవాళ్లు ఒక్క కలెక్టర్‌నైనా అడిగి ఉంటే ఈ పొరపాటు జరిగేది కాదు.

రెండో చిరాకు, సిగార్ బయటికి తీసినప్పుడు. యాప్ తెరవాలి, వెతకాలి, ఎంట్రీ తెరవాలి, ఎడిట్ నొక్కాలి, సంఖ్య తగ్గించాలి, సేవ్ నొక్కాలి. సేవ్ నొక్కాక స్టార్ రేటింగ్ ఇమ్మంటుంది! ఇంకా కొస కత్తిరించనే లేదు, రేటింగ్ ఏం ఇస్తాం? ఇవ్వకపోతే సేవ్ అవ్వదు. ఇలా తల ప్రాణం తోకకొచ్చే పని ఎవరూ రోజూ చెయ్యరు. ఒకసారి మానేస్తారు, రెండోసారి మానేస్తారు, ఆ తర్వాత యాప్‌లో లెక్క వేరు, డ్రాయర్‌లో లెక్క వేరు. తప్పు లెక్క ఉండటం కంటే అసలు లేకపోవడమే నయం.

నేను ఎప్పటినుంచో చేసే పద్ధతి చెప్తా. బాక్సుల్లో సిగార్ల వరసల మధ్య పల్చటి సీడర్ రేకు వస్తుంది కదా, దాన్ని పారేయను. వేలెడంత పట్టీలుగా కోసి, పెన్సిల్‌తో పైన బాక్సు కోడ్, కింద అది నా హ్యూమిడర్‌లోకి వచ్చిన నెల రాస్తా. రెండు తేదీలూ కావాలి. దుకాణంలో ఎలాంటి తేమలో ఉందో మనకి తెలియదు, మన దగ్గర ఎన్నాళ్లు కుదురుకుందో తెలియాలి. వెనక వైపు గీతలు, ఒకటి తీస్తే ఒక గీత కొట్టేయడం. అంతే. పెన్సిలే ఎందుకంటే ఇంకు వాసన లోపలికి రాకూడదు. విడిగా కొన్న సిగార్లకైతే సెల్లోఫేన్ మీద చిన్న స్టిక్కర్, దాని మీద నెల, సంవత్సరం. రేపర్ మీద మాత్రం అంటించొద్దు, ఆకు చిరుగుతుంది. క్యూబావి కాని చాలా బాక్సుల మీద తేదీయే ఉండదు, వాటికి మనం రాసుకున్నదే ఆధారం.

ఇక ట్రేలు. ఇక్కడ మాత్రం నాకు మాటలు ఆగవు! ఈ ముందు పట్టీ చూడండి. చెక్కలోనే గాడి తీసి, లేబుల్ అందులోకి జారి కూర్చునేలా పెట్టారు. నా సీడర్ పట్టీ ఇందులో సరిగ్గా సరిపోయింది, వాళ్లిచ్చిన ప్లాస్టిక్ లేబుల్ అవసరమే లేదు. డ్రాయర్ కొద్దిగా లాగితే చాలు, ఏ వరస ఏ సంవత్సరానిదో కనిపిస్తుంది. మూత ఎంత తక్కువసేపు తెరిస్తే తేమ అంత నిలుస్తుంది, అందుకే ఇది నాకు ఇంత నచ్చింది.

అడ్డుపలకలు పెట్టే గాడులు కూడా దగ్గరదగ్గరగా ఉన్నాయి. రింగ్ గేజ్ అంటే అంగుళంలో 64వ వంతుల లెక్క. 50 రింగ్ ఉండే రోబస్టో సైజు సిగార్ దాదాపు 20 మిల్లీమీటర్ల లావు, 60 రింగ్ అయితే దాదాపు 24. ఇంతకుముందు వాడిన ట్రేల్లో పలకలు ఒకే దూరంలో బిగించి ఉండేవి, సన్నవి దొర్లేవి, లావువి ఇరుక్కుని రేపర్ ఒరుసుకునేది. ఇందులో ఆ బాధ లేదు. 178 మిల్లీమీటర్ల పొడవుండే చర్చిల్ సైజు హాయిగా పడుతుంది. 192 మిల్లీమీటర్ల పొడవుండే లాన్సెరో సైజు మాత్రం ఏటవాలుగా పెట్టాల్సి వస్తోంది, అదొక్కటే లోటు. లోపల వార్నిష్ లేదు, ఉండకూడదు కూడా. ఒకటి గుర్తుంచుకోండి, కొత్త చెక్క తేమ పీల్చేస్తుంది. ముందు 84 శాతం తేమనిచ్చే ప్యాక్‌ని ట్రేలతో కలిపి మూసి ఉంచి, చెక్కకి తేమ పట్టించి, ఆ తర్వాతే సిగార్లు పెట్టండి.

సెన్సార్ గురించి క్లుప్తంగా. తేమ సరిగ్గా చూపిస్తోందా అని ఉప్పు పరీక్ష చేశా. సీసా మూతలో ఉప్పు, కరిగిపోకుండా తడి ఇసుకలా అయ్యేంత నీళ్లు, జిప్ కవర్లో సెన్సార్‌తో కలిపి పెట్టి ఒక పూట వదిలేయాలి. 75 శాతం చూపించాలి, ఇది 73 చూపించింది. యాప్‌లో ఆ తగ్గిన రెండు శాతం కలుపుకునే వీలుంది, ఈ ఒక్కటీ బాగా చేశారు. తేమ కొలిచే పాత ఇత్తడి ముల్లు డయల్ ఒకటి ఉండేది నా దగ్గర, తేమ ప్యాక్ ఎండిపోయినా 70 దగ్గరే నిలబడేది. దానితో పోలిస్తే ఇది చాలా నయం. తేమ ప్యాక్ పక్కన మాత్రం పెట్టకండి, సిగార్ల మధ్య పెట్టండి. వేడి 24 డిగ్రీలు దాటితే హెచ్చరిక వచ్చేలా పెట్టుకోండి, పొగాకు పురుగు గుడ్లు పగిలేది వేడికే. రేపర్ మీద గుండుసూది గుచ్చినట్టు గుండ్రటి రంధ్రం కనిపించిందంటే ఆ ట్రేలో ఉన్నవన్నీ సీల్ చేసి కొన్ని రోజులు ఫ్రీజర్‌లో పెట్టాల్సిందే. ఏ ట్రేలో ఏ బాక్సు సిగార్లున్నాయో రాసి ఉంటే, వాటి తోటివి ఇంకెక్కడున్నాయో వెంటనే తెలుస్తుంది. వనిల్లా, కాఫీ లాంటి సువాసన కలిపిన సిగార్లని ఈ ట్రేల్లో కలపకండి, వాటి వాసన అన్నిటికీ పట్టేస్తుంది.

కాబట్టి నా తీర్పు ఇది. యాప్‌లో సెన్సార్ సర్దుబాటు ఒకసారి చేసేసి, ఆ తర్వాత ఫోన్‌లోంచి తీసేశా. తేమ, వేడి అంకెలు సెన్సార్ తెర మీదే కనిపిస్తాయి. హెచ్చరిక మీకు తప్పనిసరైతే యాప్ ఉంచుకోండి, లెక్క మాత్రం అందులో పెట్టకండి. బాక్సు తేదీ రాసుకునే వీలు, ఒక్క నొక్కుతో సంఖ్య తగ్గించే వీలు ఇస్తే మళ్లీ వేసి చూస్తా, ఇంకో వీడియో కూడా చేస్తా. ట్రేలని మాత్రం కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. విడిగా కూడా అమ్ముతున్నారు. కింది అరకి ఇంకో జత ఆర్డర్ పెట్టా, ఈసారి నా డబ్బుతోనే.