సెర్చ్: వెతికేది చోటునా, వస్తువునా?

అందరికీ నమస్కారం. ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి అనువాదం చేసేవాళ్లు, ఇంగ్లిష్ పాఠం చెప్పేవాళ్లు ఇక్కడ ఎక్కువమంది ఉన్నారు కాబట్టి, ఈ పూట ఒక్క క్రియనే పట్టుకుందాం: సెర్చ్.

రెండు వాక్యాలు వినండి. 'ద పోలీస్ సెర్చ్‌డ్ ద మ్యాన్.' 'ద పోలీస్ సెర్చ్‌డ్ ఫర్ ద మ్యాన్.' మొదటిదాంట్లో ఆ మనిషి పోలీసుల ఎదుటే నిలబడి ఉన్నాడు, అతని జేబులు తడుముతున్నారు. రెండోదాంట్లో అతను ఎక్కడున్నాడో ఎవరికీ తెలియదు. తేడా అంతా 'ఫర్' అనే చిన్న మాటలో ఉంది. మన 'వెతుకు'కు ఈ పట్టింపు లేదు. 'తాళంచెవి వెతికాను' అంటాం, 'ఇల్లంతా వెతికాను' అనీ అంటాం. వస్తువైనా చోటైనా ఒకే క్రియ, ఒకే పొందిక. అందుకే మన పిల్లలు 'ఐ సెర్చ్‌డ్ మై కీస్' అని రాస్తారు. ఇంగ్లిష్ చెవికి అది తాళాల గుత్తిలో ఇంకేదో దాగి ఉందేమోనని తిరగేసి చూసినట్టు వినిపిస్తుంది.

ఈ పట్టింపు ఎక్కడిదో మాట పుట్టుక చెబుతుంది. లాటిన్‌లో 'కిర్కుస్' అంటే వలయం. మనం చూసే సర్కస్ అదే మాట, గుండ్రటి బరి. దాని నుంచి తర్వాతి కాలపు లాటిన్‌లో 'కిర్కారే' వచ్చింది: చుట్టి రావడం, కలియతిరగడం. వెతకడం అనే అర్థం మొదట లేదు. ఒక చోటంతా తిరిగేవాడు ఏదో ఒకటి వెతుకుతూనే ఉంటాడు కనుక ఆ అర్థం తర్వాత అంటుకుంది. పాత ఫ్రెంచ్‌లో అది 'సెర్చియే' అయింది, అక్కడి నుంచి ఇంగ్లిష్‌లోకి దిగి 14వ శతాబ్దిలో స్థిరపడింది. తమాషా ఏమిటంటే, ఫ్రెంచ్‌వాళ్లు ఆ 'చ'ను తర్వాత 'ష'గా మార్చుకుని ఇప్పుడు 'షెర్షే' అంటున్నారు. పాత ఉచ్చారణ ఇంగ్లిష్‌లోనే మిగిలింది.

ఉచ్చారణే కాదు, పాత పొందిక కూడా. నేటి ఫ్రెంచ్‌లో 'షెర్షే' పక్కన నేరుగా వెతికే వస్తువే వస్తుంది. ఇంగ్లిష్‌లో మాత్రం సెర్చ్ పక్కన నేరుగా వచ్చేది చుట్టి చూసే చోటు. వస్తువు కావాలంటే 'ఫర్' తోడు ఉండాలి. స్పానిష్ ఇంకో దారి పట్టింది. అక్కడ 'సెర్కార్' అంటే కంచె వేయడం, ముట్టడించడం. చుట్టడం మిగిలింది, వెతకడం లేదు.

ఇంగ్లిష్‌కు సొంత మాట, అంటే అది పుట్టిన జెర్మానిక్ భాషా కుటుంబపు మాట, 'సీక్'. దాని మూలధాతువుకు జాడ పట్టడం అనే అర్థం చెబుతారు. వాసన పసిగట్టే వేటకుక్కను లాటిన్‌లో 'సగాక్స్' అనేవారు, అదీ ఆ కుదురుదే. జాడ పట్టేవాడి దృష్టి చోటు మీద ఉండదు, వస్తువు మీదే ఉంటుంది. కాబట్టి 'సీక్ పర్మిషన్', 'సీక్ హెల్ప్' అంటే చాలు, ఫర్ అక్కర్లేదు. ఇక 'రాన్‌సాక్' పాత నార్స్ నుంచి, అంటే స్కాండినేవియా వాళ్ల పాత భాష నుంచి వచ్చింది: 'రాన్' ఇల్లు, 'సాక్' వెతుకులాట. నిజానికి అది ఇంటి సోదా. ఇప్పుడు కొల్లగొట్టడమైంది.

'రీసెర్చ్ అంటే వెతికిందే మళ్లీ వెతకడం' అని తరగతుల్లో చమత్కరిస్తుంటారు. అక్కడ 'రీ' మళ్లీ అని కాదు, గట్టిగా, లోతుగా అని.

అనువాదకులకు అసలు పనికొచ్చేది మన 'గాలించు'. బియ్యంలో నీళ్లు పోసి, గిన్నెను కుదుపుతూ, నీటితో కదిలే బియ్యాన్ని కొద్దికొద్దిగా వేరే గిన్నెలోకి ఒంపుతాం. బరువైన రాళ్లు అడుగున నిలిచిపోతాయి. ఏరేది రాళ్లనే, అయినా గాలించేది బియ్యాన్ని. 'అడవిని గాలించారు', 'దొంగల కోసం గాలించారు': సరిగ్గా సెర్చ్, సెర్చ్ ఫర్ పొందికే. కాబట్టి చోటు కర్మగా ఉంటే గాలించు, సోదా చేయు, తనిఖీ చేయు వాడండి. వస్తువు ఉంటే వెతుకు. కోర్టు కాగితాల్లో ఇది మరీ ముఖ్యం. పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 100వ సెక్షన్, ఇప్పటి నాగరిక్ సురక్షా సంహితలో 103, ఇంటి సోదాతో పాటు మనిషి ఒంటి మీద సోదా గురించీ చెబుతుంది. ఆ మనిషి స్త్రీ అయితే మరో స్త్రీయే, మర్యాదకు భంగం లేకుండా సోదా చేయాలి. ఇక్కడ 'మహిళను వెతకడం' అని రాస్తే ఆమె తప్పిపోయిందనుకుంటారు.

'సెర్చ్ మీ!' అన్నా అంతే. నన్ను వెతుకు అని కాదు, నాకేం తెలుసు అని. కావాలంటే నా జేబులు చూసుకో, జవాబు నా దగ్గర లేదు.

ఇంకో తప్పు 'ఐ యామ్ ఫైండింగ్ మై పెన్'. ఫైండ్ అంటే దొరకడం. వెతుకుతూ ఉంటే అది 'లుకింగ్ ఫర్'. మామూలు మాటల్లో సెర్చ్ కన్నా ఇదే సహజం. పెన్ను కోసం సెర్చ్ అంటే ఇల్లు తలకిందులు చేస్తున్నట్టుంటుంది.

2006లో ఆక్స్‌ఫర్డ్, మెరియమ్-వెబ్‌స్టర్ నిఘంటువులు రెండూ 'గూగుల్'ను క్రియగా చేర్చుకున్నాయి. చోటు ఆ క్రియలోనే ఇమిడి ఉంది కనుక దీనికి ఫర్ గొడవ లేదు, పక్కన నేరుగా వస్తువే వస్తుంది. మనవాళ్లు మాత్రం చోటును విడిగానే ఉంచారు: 'గూగుల్‌లో కొట్టి చూడు.'