గిటారిస్ట్ కుడిచెయ్యి, డ్రమ్మర్ కుడికాలు: మెటల్ గ్యాలప్ నేర్చుకుందాం

నమస్కారం. ముందు ఇది వినండి. తా కిట, తా కిట, తా కిట, తా కిట. హెవీ మెటల్ సంగీతంలో దీన్ని గ్యాలప్ అంటారు, గుర్రపు దౌడు. ఈ రోజు డ్రమ్స్ పాఠం ఇదే. మా నలుగురినీ ఒక బ్యాండ్‌గా నిలబెట్టింది కూడా ఇదే కాబట్టి ఆ కథ చెప్పకుండా పాఠం చెప్పలేను.

1981లో లాస్ ఏంజెలెస్‌లో లార్స్ ఉల్రిక్ అనే డ్రమ్మర్ కుర్రాడు, కలిసి వాయించేవాళ్లు కావాలని పేపర్లో ప్రకటన ఇచ్చాడు. అది చూసి గిటారిస్ట్ జేమ్స్ హెట్‌ఫీల్డ్ వచ్చాడు. మెటాలికా అనే మెటల్ బ్యాండ్ అలా మొదలైంది. డ్రమ్మర్ పిలిస్తే పుట్టిన బ్యాండ్ అన్నమాట. ఎవరో ఒక గిటారిస్ట్ వచ్చి నన్ను పిలుస్తాడని అప్పటిదాకా ఎదురుచూస్తూ కూర్చున్న నాకు, ఆ సంగతి తెలిశాక ధైర్యం వచ్చింది. నేనే ఒక్కొక్కరినీ అడగడం మొదలుపెట్టాను. రెండు నెలల్లో నలుగురం అయ్యాం.

మొదటి ప్రాక్టీస్ మాత్రం అస్సలు కుదరలేదు. ఎవరి యాంప్ (గిటారు మోత పెంచే పెట్టె) వాళ్లు ఫుల్లుగా పెట్టారు. వాటిని మించి వినబడాలని నేను బలమంతా పెట్టి కొట్టాను. కింద కార్పెట్ వేసుకోవాలని కూడా తెలియదు. కాలితో పెడల్ తొక్కి వాయించే పెద్ద బాస్ డ్రమ్ జారుకుంటూ ముందుకు వెళ్లిపోయేది. ఆ రాత్రంతా చెవుల్లో గుయ్‌మని ఒకటే మోత. ఇక్కడ ఒక్క నిమిషం ఆగి చెబుతాను: ఇయర్‌ప్లగ్స్ లేకుండా డ్రమ్ కిట్ ముందు కూర్చోకండి. 100 డెసిబెల్స్ మోతలో రోజుకు 15 నిమిషాలకు మించి ఉండకూడదని అమెరికా సంస్థ నియోష్ లెక్క. మేం మూడు గంటలు ఉన్నాం.

"నువ్వు పరిగెడుతున్నావ్" అంటాడు గిటారిస్ట్. "నువ్వే వెనకబడుతున్నావ్" అంటాను నేను. చివరికి ఫోన్‌లో రికార్డ్ చేసి విన్నాం. వాడు చెప్పిందే నిజం. బీట్ బాగానే ఉంది. కానీ ఫిల్ (బీట్ మధ్యలో వేసే చిన్న విన్యాసం) వేసిన ప్రతిసారీ నేను వన్ మీదికి, అంటే తర్వాతి వరస మొదటి దెబ్బకి, ముందే వచ్చేస్తున్నాను. చాలా బాధేసింది.

ఆ తర్వాతి వారం బాసిస్ట్, సింగర్ రాలేకపోయారు. మేమిద్దరమే మిగిలాం. యాంప్ బాగా తగ్గించి, ఎదురెదురుగా కూర్చున్నాం. వాడు తీగల మీద అరచెయ్యి ఆనించి, మోత అణిచే పామ్ మ్యూట్ పద్ధతిలో ఒక్క రిఫ్, అంటే మళ్లీ మళ్లీ వచ్చే చిన్న గిటారు ముక్క, వాయిస్తూ ఉన్నాడు. నేను మొదటిసారి వాడి కుడిచేతిని చూశాను. తీగలు మీటే పిక్ కిందికి దిగినప్పుడల్లా నా కాలు కూడా దిగాలి. అంతే అనుకున్నాను. రెండు గంటలు అదే రిఫ్. ఒక దశలో గిటారు చప్పుడేదో, బాస్ డ్రమ్ చప్పుడేదో విడిగా తెలియలేదు. ఇద్దరం ఒకరినొకరు చూసుకున్నాం కానీ ఆపలేదు. నా లెక్కలో మా బ్యాండ్ పుట్టింది ఆ రాత్రే.

సరే, ఇప్పుడు నా కాళ్లు చూడండి, బాస్ డ్రమ్‌కి రెండు కాళ్లకూ రెండు పెడల్స్ ఉన్నాయి. సీటు కాస్త ఎత్తుగా ఉంది, మోకాళ్లు తుంటికంటే కొంచెం కిందికి ఉన్నాయి. మడమలు లేచి ఉన్నాయి. గ్యాలప్‌లో 'తా' కుడికాలు, 'కి' కూడా కుడికాలే, 'ట' ఒక్కటే ఎడమకాలు. అంటే కుడికాలు తన మానాన తను సమానంగా నడుస్తూనే ఉంటుంది. ఎడమకాలు చివర్లో ఒక్క దెబ్బ వేసి తప్పుకుంటుంది. చాలామంది తడబడేది ఇక్కడే. ఎడమకాలి దెబ్బ మెత్తగా పడుతుంది, వినేవాళ్లకు 'తా కి' వరకే వినిపిస్తుంది. అందుకని రోజూ ఐదు నిమిషాలు ఎడమకాలితోనే మొదలుపెట్టి వాయించండి.

మెట్రోనోమ్ (తాళం టిక్కుటిక్కుమని చెప్పే యంత్రం) నిమిషానికి 80 బీట్ల దగ్గర పెట్టండి. రెండు నిమిషాలు ఎక్కడా తడబడకుండా వస్తేనే 84కి వెళ్లండి. మోకాలి కింద, ముందువైపు కండరం బిగుసుకుంటే ఆపేయండి, పంతానికి పోకండి. స్పీడ్ దానంతటదే వస్తుంది. 180 దగ్గర పదహారో వంతు నోట్స్, అంటే ఒక్కో బీట్‌కి నాలుగు దెబ్బలు వేస్తే, రెండు కాళ్లూ కలిసి సెకనుకు 12 దెబ్బలు. అక్కడ తొడతో కొట్టలేం, చీలమండతోనే కొట్టాలి. కాళ్ల మీద దృష్టి పెట్టి, ఎడమచేత్తో కొట్టే స్నేర్ డ్రమ్‌ని వదిలేయకండి. కాళ్లు వేగం అందుకునేకొద్దీ ఎడమచెయ్యి నీరసపడిపోతుంది. నాకు ఇప్పటికీ ఆ టెన్షన్ ఉంది.

మోటర్‌హెడ్ అనే బ్రిటిష్ బ్యాండ్ డ్రమ్మర్ ఫిల్ టేలర్ ఇలాగే రెండు బాస్ డ్రమ్‌లు సాధన చేస్తుంటే బ్యాండ్‌లోని మిగతా ఇద్దరూ వచ్చి కలిశారు. 1979లో వచ్చిన 'ఓవర్‌కిల్' పాట అలా పుట్టింది. నాకు చాలా ఇష్టమైన కథ ఇది. కాబట్టి తలుపులు మూసుకుని ఒంటరిగా సాధన చేయకండి, ఒక గిటారిస్ట్‌ను పక్కన కూర్చోబెట్టుకోండి.

మా గిటారిస్ట్ ఇక్కడే ఉన్నాడు. అదే రిఫ్ వాయిస్తాడు. మీ కాళ్లు పెడల్స్ మీద పెట్టండి. నన్ను చూడకండి, వాడి కుడిచేతిని చూడండి. 80 దగ్గర మొదలుపెడుతున్నాం. వన్, టూ, త్రీ, ఫోర్...