నొప్పి తగ్గింది సరే, భుజం సిద్ధమైందా?

"భుజం నొప్పి పోయింది కదండీ, రేపటి నుంచి బ్యాడ్మింటన్ కోర్టుకు వెళ్తాను." ఫిజియోథెరపిస్టుగా నన్ను ఎక్కువగా కలవరపెట్టే మాట ఇదే. 60 దాటాక కూడా తెల్లవారకముందే లేచి బ్యాడ్మింటన్ ఆడేవారంటే నాకు ఎంతో గౌరవం. ప్రపంచ సీనియర్ పోటీల్లో 75 ఏళ్లు దాటినవారికీ విభాగం ఉంది. ఆట మానమని నేను ఎవరికీ చెప్పను.

[చెంచాలో నిమ్మకాయ పెట్టి చూపిస్తూ]

బడిలో చెంచా, నిమ్మకాయ పందెం గుర్తుందా? భుజం కీలు అచ్చం ఇదే. చేతి ఎముక తల నిమ్మకాయ, రెక్క ఎముకలోని గుంట చెంచా. గుంటకు లోతు తక్కువ కాబట్టే చేయి ఇన్ని వైపులకు తిరుగుతుంది. తుంటి కీలు అలా కాదు, అది గిన్నెలో కూర్చున్న నిమ్మకాయ.

మరి చెంచాలో నిమ్మకాయను నిలిపేది ఏది? రొటేటర్ కఫ్ అనే నాలుగు చిన్న కండరాలు. పైన కనిపించే పెద్ద డెల్టాయిడ్ కండరం చేతిని పైకి లాగుతుంటే, ఇవి నిమ్మకాయను చెంచా మధ్యలోకి అదిమి పట్టుకుంటాయి. నాకు శరీరంలో అన్నిటికన్నా ముచ్చటగా అనిపించే ఏర్పాటు ఇది. ఈ నాలుగూ నీరసిస్తే నిమ్మకాయ పైకి జరుగుతుంది.

మూడు వారాల విశ్రాంతితో వాపు, నొప్పి తగ్గవచ్చు. కదలకుండా నిలబడితే ఎవరి నిమ్మకాయా పడదు కదా! స్మాష్, అంటే తల మీదుగా బలంగా కిందికి కొట్టే షాట్, అదే చెంచాతో పరుగెత్తడం లాంటిది. విశ్రాంతి కండరాలకు బలం ఇవ్వదు, ఉన్నది కూడా తగ్గిస్తుంది.

స్కానింగులో రొటేటర్ కఫ్‌కు చిరుగు అని రాసి ఉంటే వెంటనే హడలిపోకండి. 60 దాటినవారిలో ఏ నొప్పీ లేని భుజాల్లోనూ చిరుగులు తరచుగా కనిపిస్తాయి. కానీ కింద పడ్డాక ఉన్నట్టుండి చేయి పైకి లేవకపోతే ఆలస్యం చేయకుండా ఎముకల డాక్టరును కలవండి. ఆలస్యమైతే కుట్టడం కష్టమవుతుంది.

సమయం అయిపోవస్తోంది, మిగతాది త్వరగా చెబుతాను. భుజాన్ని సిద్ధం చేసే వ్యాయామాలు ఇవి. ముందు గోడ మీద వేళ్లు పాకిస్తూ చేయి ఎత్తడం. తర్వాత మోచేతికీ నడుముకూ మధ్య మడిచిన తువ్వాలు పెట్టుకుని, రబ్బరు బ్యాండును బయటికి లాగడం. రెక్క ఎముకను వెనక్కి లాగే వ్యాయామాలు కూడా. ఆపరేషన్ అయితే మీ సర్జన్ చెప్పిన గడువే లెక్క. తల మీదుగా కొట్టే షాట్లకు సాధారణంగా ఆరు నెలలో, అంతకన్నా ఎక్కువో పడుతుంది.

కోర్టులో మొదట కింది నుంచి సర్వీసు, నెట్ దగ్గర ఆట, తర్వాత డ్రాప్ (నెట్ దాటగానే పడేలా మెల్లగా కొట్టే షాట్), అన్నిటికన్నా చివర స్మాష్. ఆడిన రాత్రి ఆ భుజం పక్కకు తిరిగి పడుకున్నప్పుడు నొప్పి మిమ్మల్ని లేపితే, మర్నాడు ఒక మెట్టు వెనక్కి వెళ్లండి.