కీళ్లవాతం ఉన్న తల్లి, కడుపులో బిడ్డ

శ్రోతలకు నమస్కారం. కీళ్లవాతం, అంటే రుమటాయిడ్ ఆర్థరైటిస్ ఉన్న అమ్మాయి నెల తప్పిందనగానే చాలా ఇళ్లలో మందులన్నీ ఒక్కసారిగా ఆపించేస్తారు. బిడ్డకు హాని చేస్తాయని భయం. ముఖ్యంగా రెండు మందుల విషయంలో ఆ భయం నిజమే. మిగతా వాతం మందులు చాలావరకు డాక్టరును అడక్కుండా ఆపితేనే ప్రమాదం.

మొదటిది మెథోట్రెక్సేట్, వారానికొకసారి వేసుకునే మాత్ర. దీనివల్ల గర్భం పోవచ్చు, బిడ్డకు అవయవ లోపాలు రావచ్చు. అందుకే పిల్లలు కావాలనుకుంటే ఒకటి నుంచి మూడు నెలల ముందే ఆపాలి, అందాకా గర్భం రాకుండా చూసుకోవాలి. రోజుకు 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ కూడా కావాలి. ఆశా కార్యకర్త ఇచ్చే ఐరన్ మాత్రలో ఉండేది అర మిల్లీగ్రామే, అది చాలదు. రెండోది లెఫ్లునొమైడ్. ఆపినా రెండేళ్ల దాకా ఒంట్లో మిగిలిపోగలదు. దాన్ని వదిలించడానికి కొలెస్టైరమైన్ పొడిని 8 గ్రాముల చొప్పున రోజుకు మూడుసార్లు, 11 రోజులు తాగిస్తారు. ఈ మందులు వాడుతుండగానే నెల తప్పితే వెంటనే ఆపి, అదే రోజు డాక్టరుకు చెప్పండి.

హైడ్రాక్సీక్లోరోక్విన్, సల్ఫాసలజీన్, తక్కువ మోతాదు ప్రెడ్నిసలోన్ గర్భంలోనూ కొనసాగించవచ్చు. సల్ఫాసలజీన్‌తో మాత్రం 5 మిల్లీగ్రాముల ఫోలిక్ యాసిడ్ తప్పనిసరి. ఇవి మానేశాక వాపులు తిరగబెడితే 37 వారాలు నిండకుండానే కాన్పు కావడం, బిడ్డ రెండున్నర కిలోలకు తక్కువ పుట్టడం ఎక్కువవుతాయి. గర్భంలో సగం మందికి పైగా నొప్పులు తగ్గుతాయన్నది నిజమే గానీ, మీరు ఆ సగంలో ఉంటారని ముందే అనుకోకండి.

నొప్పి సూదిమందు సంగతి కాస్త గట్టిగానే చెప్పాలి. డైక్లోఫెనాక్ వంటివి 20 వారాలు దాటాక బిడ్డ మూత్రపిండాల మీద పనిచేసి ఉమ్మనీరు తగ్గిస్తాయి. ఏడో నెల దాటాక బిడ్డ గుండె దగ్గరి రక్తనాళం ముందే మూసుకుపోవచ్చు. శ్రీకాకుళం జిల్లా కవిటి, సోంపేట, పలాస వైపు కిడ్నీ జబ్బు ఎంత ఎక్కువో తెలిసిందే. ఆ ఊళ్ల గర్భిణులు ఊళ్లో ఎవరో పొడిచే సూదికి ఒప్పుకోకూడదు, మూత్రపిండాల పనితీరు చూపే క్రియాటినిన్ పరీక్ష కూడా చేయించుకోవాలి. నొప్పికి పారాసిటమాల్ చాలు.

ప్రతి నెలా 9న ప్రభుత్వాసుపత్రుల్లో జరిగే గర్భిణుల పరీక్షకు మందుల చీటీ పట్టుకెళ్లండి. యాంటీ రో అనే రక్తపరీక్ష ఒక్కసారైనా చేయించాలి. అది పాజిటివ్ అయితే కొద్దిమంది బిడ్డలకు గుండె లయ మందగిస్తుంది, 16వ వారం నుంచి గుండె స్కాన్ చూస్తుండాలి. మెడ కీళ్లు దెబ్బతిని ఉంటే సిజేరియన్‌కు ముందే మత్తు డాక్టరుకు చెప్పాలి.

కాన్పయ్యాక మొదటి మూడు నెలల్లో జబ్బు తరచుగా తిరగబెడుతుంది. బాలింత నొప్పులేలే అని వదిలేస్తారు. పొద్దున్నే వేళ్లు బిగుసుకుపోయి గంట దాకా కదలకపోతే అది వాతం కావచ్చు. గర్భంలో కొనసాగించవచ్చని చెప్పిన మూడు మందులూ మామూలు మోతాదులో వేసుకుంటూ నెలలు నిండి ఆరోగ్యంగా పుట్టిన బిడ్డకు పాలివ్వవచ్చు, మెథోట్రెక్సేట్‌తో ఇవ్వకూడదు. బిడ్డను ఎత్తేటప్పుడు మణికట్టు మీద బరువు వేయకుండా ముంజేతుల మీద తీసుకోండి.

చివరగా టీకాలు. చివరి మూడు నెలల్లో తల్లి అడాలిముమాబ్ వంటి బయలాజిక్ ఇంజెక్షన్ తీసుకుంటే ఆ మందు బిడ్డకూ చేరి, రోగాన్ని తట్టుకునే శక్తిని కొన్నాళ్లు తగ్గించవచ్చు. బిసిజి, పోలియో చుక్కలు, రోటావైరస్ చుక్కలు బతికున్న క్రిములతో చేసినవి. బిసిజి పుట్టగానే వేసేస్తారు కాబట్టి, వీటిని ఎప్పుడు వేయించాలో కాన్పుకు ముందే పిల్లల డాక్టరును అడిగి తల్లీబిడ్డల కార్డు మీద రాయించండి. మిగతా టీకాలు వేళకే పడాలి.