రివర్స్ పెట్టగానే క్లిప్ ఎందుకు మొరాయిస్తుంది?

అందరికీ నమస్కారం. వీడియో ఎడిటింగ్ నేర్చుకునేవాళ్లను బాగా ఇబ్బంది పెట్టే విషయం ఒకటి మాట్లాడుకుందాం. క్లిప్ మామూలుగా హాయిగా ప్లే అవుతుంది. రివర్స్ పెట్టామా, ఆగి ఆగి వస్తుంది, ఒక్కోసారి సాఫ్ట్‌వేరే క్రాష్ అవుతుంది. కంప్యూటర్ పనికిరాదేమోనని టెన్షన్ పడి, చక్కటి షాట్‌నే వదిలేసేవాళ్లున్నారు. అది నాకు నిజంగా బాధగా ఉంటుంది. ఎందుకంటే చాలాసార్లు చిక్కంతా ఫైల్‌లోనే ఉంటుంది.

ఫోన్లు, చాలా కెమెరాలు వీడియోను కుదించి చిన్న ఫైల్‌గా దాచే హెచ్.264లోనో హెచ్.265లోనో రికార్డు చేస్తాయి. వీటిలో ప్రతి ఫ్రేమూ పూర్తి బొమ్మ కాదు. ఫ్రేములు గుంపులు గుంపులుగా ఉంటాయి, ఒక్కో గుంపు మొదట్లో ఒక ఐ-ఫ్రేమ్ పూర్తి బొమ్మగా ఉంటుంది. మిగతా పీ, బీ ఫ్రేముల్లో వేరే ఫ్రేములతో పోలిస్తే ఏం మారిందన్నదే ఉంటుంది. ముందుకు నడిచేటప్పుడు ఇబ్బంది లేదు. వెనక్కి రావాలంటే మాత్రం ఆ గుంపు మొదట్లోని ఐ-ఫ్రేమ్ దాకా వెళ్లి, అక్కణ్నుంచి అన్నీ డీకోడ్ చేసి, అంటే పూర్తి బొమ్మలుగా విప్పి, మెమరీలో పెట్టుకుని, ఆపైన తిరగేసి చూపించాలి.

ఆ మెమరీ ఎంతో చూడండి. డీకోడ్ చేసిన ఫుల్ హెచ్‌డీ ఫ్రేమ్ ఒక్కటి, 8 బిట్ 4:2:0 (రంగుల వివరాలు తగ్గించి దాచే మామూలు పద్ధతి) లెక్కన, దాదాపు 3.1 ఎంబీ. సెకనుకు 30 ఫ్రేములైతే నిమిషానికి 5.6 జీబీ. 4కేకి దానికి నాలుగింతలు! ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ అనే ఉచిత వీడియో టూల్‌లోని రివర్స్ ఫిల్టర్ క్లిప్ మొత్తాన్నీ ఇలా మెమరీలోకి తీసుకుంటుంది, అందుకే ముందు ట్రిమ్ చేసుకోమని దాని డాక్యుమెంటేషనే చెబుతుంది.

కాబట్టి కావాల్సిన ముక్కను మాత్రమే, అటూ ఇటూ కాస్త ఎక్కువ ఉంచి, ఎడిటింగ్‌కు వాడే ఫార్మాట్లయిన ప్రోరెస్‌లోకో డీఎన్‌ఎక్స్‌హెచ్‌ఆర్‌లోకో మార్చండి. అక్కడ ప్రతి ఫ్రేమూ దేనికది పూర్తిగా ఉంటుంది. ఫైల్ సైజు బాగా పెరుగుతుంది, పెరగనివ్వండి. ఆ తర్వాత రివర్స్ చేసి, ఎఫెక్ట్‌లుంటే ఒకసారి రెండర్ చేసుకోండి. మాటలు తిరగబడకూడదంటే ఆడియోను ముందే అన్‌లింక్ చేయాలి, అంటే వీడియో నుంచి విడదీయాలి.

ఇంటర్‌లేస్డ్ ఫుటేజ్ సంగతి వేరు. అందులో ఒక్కో ఫ్రేమ్‌లో వేర్వేరు క్షణాలకు చెందిన రెండు ఫీల్డులు, అంటే గీత విడిచి గీతగా ఉండే సగం బొమ్మలు, ఉంటాయి. ఫ్రేములు వెనక్కి వస్తున్నా, ఫీల్డులు పాత వరసలోనే ఉండిపోతే కదలిక ముందుకూ వెనక్కీ వణుకుతుంది. దాన్ని ముందు డీఇంటర్‌లేస్ చేసి, అంటే ఫీల్డులను పూర్తి ఫ్రేములుగా మార్చి, తర్వాతే రివర్స్ పెట్టండి.